నవ్వు లేని నవ్వు: ఫ్రెంచి హాస్య చలనచిత్రాల పోస్టర్ చిత్రకళ – రసదృష్టితో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

చలనచిత్ర పోస్టర్‌ను వ్యాపార ప్రకటనగా మాత్రమే చూసే అలవాటు మన విమర్శలో బలంగా ఉంది. ఫ్రాన్స్‌లో హాస్యచిత్రాల కోసం చిత్రకారులు చేతితో వేసిన పోస్టర్లను ఈ వ్యాసం పాఠాలుగా స్వీకరించి, అవి హాస్యాన్ని ఏ స్థానంలో నిలుపుతున్నాయో పరిశీలిస్తుంది. మార్సెలిన్ ఓజోల్, అల్బేర్ దుబూ, పియెర్ ఎతెక్స్‌ల కృషిని నాట్యశాస్త్రంలోని ఆత్మస్థ, పరస్థ హాస్య విభజన వెలుగులో పోల్చి చూస్తుంది. పోస్టర్‌లోని గీత ఆ చలనచిత్రంలోని ప్రధానాభినయాన్ని అనుసరిస్తుందనీ, నవ్వును ముందుగా ప్రకటించక చూపరికి విడిచిపెట్టిన పోస్టరే ఎక్కువ కాలం నిలుస్తుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: హాస్యరసం, పోస్టర్ చిత్రకళ, ఆహార్యం, ఆంగికం, అతిశయోక్తి, జాక్ తాతి, పియెర్ ఎతెక్స్, అల్బేర్ దుబూ.

1. ఉపోద్ఘాతం

హాస్యం కాలంలో పుడుతుంది. ఒక తోటమాలి గొట్టంతో మొక్కలకు నీరు పెడుతుంటాడు. వెనుక నుంచి ఒక కుర్రవాడు వచ్చి గొట్టాన్ని కాలితో తొక్కుతాడు. నీరు ఆగిపోతుంది. తోటమాలి గొట్టం కొసను కంటికి దగ్గరగా పెట్టుకొని చూస్తాడు. కుర్రవాడు కాలు తీస్తాడు. నీరు తోటమాలి ముఖాన చిమ్ముతుంది. లూమియేర్ సోదరుల తొలినాటి హాస్యచిత్రం ఇంతే. ఇందులో ఏ ఒక్క క్షణాన్ని విడదీసి చూసినా నవ్వు రాదు. తొక్కడం, ఆగడం, చూడడం, చిమ్మడం అనే వరుసలోనే నవ్వు ఉంది.

పోస్టర్‌కు ఆ వరుస లేదు. దానికి ఉన్నది ఒకే క్షణం. కావ్యం కాలంలోనూ, చిత్రం స్థలంలోనూ వర్తిస్తాయనీ, అందుచేత చిత్రకారుడు ముందువెనుకలను ఊహింపజేసే గర్భిత క్షణాన్ని ఎన్నుకోవాలనీ జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ 1766లో ప్రతిపాదించాడు. ఆయన దృష్టిలో ఉన్నది ప్రధానంగా విషాదగంభీరమైన శిల్పం. హాస్యానికి ఈ చిక్కు మరింత తీవ్రం. శోకాన్ని నిశ్చలంగా చూపినా అది శోకంగానే ఉంటుంది. నవ్వును నిశ్చలంగా చూపితే అది తరచుగా తెరచిన నోరుగా మిగులుతుంది. కదలని కాగితం మీద కాలంలో పుట్టే రసాన్ని ఎలా నిలపడం అన్నదే హాస్యచిత్రపు పోస్టర్ ఎదుర్కొనే మౌలిక ప్రశ్న. ఈ ప్రశ్నకు ఫ్రెంచి చిత్రకారులు ఇచ్చిన మూడు సమాధానాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

సాహిత్య విభాగానికి చెందిన పత్రికలో పోస్టర్ గురించి చర్చ ఎందుకన్న సందేహం సహజమే. ఫ్రెంచి సాహిత్యశాస్త్రజ్ఞుడు జెరార్ జెనెత్ 1987లో వెలువరించిన గ్రంథంలో ముఖపత్రం, శీర్షిక, ముందుమాట వంటివి పాఠానికి గడపల వంటివని వివరించాడు. మన రూపకసంప్రదాయంలో ప్రస్తావన చేసే పని ఇటువంటిదే. ప్రధాన కథ మొదలుకాక మునుపే సూత్రధారుడు ప్రేక్షకుని మనసును ఒక రసం వైపు మళ్లిస్తాడు. చలనచిత్రానికి పోస్టర్ వీధిలో నిలిచిన సూత్రధారుడు. అది చెప్పినదీ, చెప్పక దాచినదీ రెండూ విమర్శకు అర్హమైనవే.

2. నవ్వేవారిని చిత్రించడం: ఓజోల్ పోస్టర్

1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో లూమియేర్ సోదరులు డబ్బు చెల్లించిన ప్రేక్షకులకు చూపిన చిత్రాలలో పైన చెప్పిన తోటమాలి చిత్రం ఒకటి. 1896లో మార్సెలిన్ ఓజోల్ లూమియేర్ సినిమా ప్రదర్శనల కోసం వేసిన పోస్టర్‌లో తెరపై ఈ చిత్రమే కనిపిస్తుంది. ఒక నిర్దిష్ట చలనచిత్రాన్ని చూపిన తొలి పోస్టర్‌గా చరిత్రకారులు సాధారణంగా దీనినే పేర్కొంటారు. అంటే చలనచిత్ర పోస్టర్ చరిత్ర ఫ్రెంచి హాస్యంతోనే ఆరంభమైంది.

ఓజోల్ కూర్పులో రెండు లోకాలున్నాయి. తెరపై తోటమాలి ముఖాన నీరు చిమ్ముతోంది. తెర ముందు ప్రేక్షకులు దానిని చూసి నవ్వుతున్నారు. నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆత్మస్థమనీ పరస్థమనీ రెండు విధాలుగా విభజించింది. తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరులను నవ్విస్తే పరస్థం. ఓజోల్ ఈ రెండింటినీ ఒకే కాగితం మీద చూపాడు. తెరలోని తోటమాలిది పరస్థహాస్యం, ముందున్న ప్రేక్షకులది ఆత్మస్థహాస్యం.

ఆనాటికి సినిమా అంటే ఏమిటో వీధిలోని మనిషికి తెలియదు. కనుక ఏమి చూపుతారన్నదానితో పాటు చూసినప్పుడు ఏమవుతుందన్నది కూడా పోస్టర్ చెప్పవలసి వచ్చింది. ఆ అవసరం వల్లనే ఓజోల్ కారణాన్నీ కార్యాన్నీ పక్కపక్కన నిలిపాడు. చారిత్రకంగా ఇది సముచితమైన పరిష్కారం. అయితే రసదృష్టితో చూస్తే ఇందులో ఒక లోపముంది. విభావం, అనుభావం రెండూ కాగితం మీదే పూర్తయినందువల్ల వీధిలో నిలబడి చూసేవానికి చేయవలసిన పని మిగలదు. తన బదులు ఇతరులు అప్పటికే నవ్వేశారు. అతనికి కలిగేది హాస్యం కన్న ముందు కుతూహలం. అతనిని టికెట్ కొనేందుకు పురికొల్పేది ఆ కుతూహలమే.

3. అతిశయోక్తి గీత: దుబూ

రెండవ సమాధానం అల్బేర్ దుబూది (1905–1976). మార్సెయ్‌లో పుట్టి, మోంపెలియేలో చిత్రకళ అభ్యసించిన ఈ వ్యంగ్యచిత్రకారుడు రాబ్లే, సెర్వాంతెస్ వంటివారి రచనలకు బొమ్మలు వేశాడు. కొండంత భార్య, ఆమె పక్కన పుల్లవంటి భర్త, కిక్కిరిసిన రైలుపెట్టె, ఒకరిమీద ఒకరు పడుతున్న జనం – ఇవి ఆయన బొమ్మల్లో మళ్లీ మళ్లీ కనిపించే వస్తువులు. ఆయన గుంపులో పరాకుగా వేసిన ముఖం ఒక్కటీ ఉండదు. ప్రతి ముక్కూ, ప్రతి బొజ్జా తనదైన వికృతితో ఉంటుంది.

మార్సెల్ పాన్యోల్ చిత్రత్రయం 'మారియుస్' (1931), 'ఫానీ' (1932), 'సెజార్' (1936)లకు దుబూ వేసిన పోస్టర్లు ప్రసిద్ధాలు. ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. ఈ మూడు చిత్రాల కథ నవ్వులాట కాదు. సముద్రం మీద మోజుతో మారియుస్ ప్రియురాలిని విడిచి వెళ్తాడు. గర్భవతియైన ఫానీ తనకన్న ఎంతో పెద్దవాడైన పానిస్‌ను పెళ్లాడుతుంది. మారియుస్ తండ్రి సెజార్ కొడుకు కోసం కుమిలిపోతాడు. ఇంత దుఃఖమున్న కథకు బొజ్జలూ ముక్కులూ పెంచిన బొమ్మలు వేయడం మోసం కాదా?

కాదని నా అభిప్రాయం. 'మారియుస్', 'ఫానీ' రెండూ మొదట రంగస్థల నాటకాలు. 'సెజార్' నేరుగా తెర కోసం రాసినదైనా అదే సంభాషణాశైలిని కొనసాగించింది. మూడింటికీ ప్రాణం మాట. మార్సెయ్ రేవులోని మనుషులు దుఃఖాన్ని సూటిగా చెప్పరు. గట్టిగా అరిచి, గొప్పలు చెప్పి, చిన్న విషయాన్ని కొండంత చేసి, ఆ సందడి చాటున కన్నీళ్లు దాచుకుంటారు. ఇలా పెంచి చెప్పే ముచ్చటకు ఆ ప్రాంతంలో 'గాలెజాద్' అనే ప్రత్యేకమైన పేరే ఉంది. సెజార్ పాత్ర పోషించిన రెమూ గొప్పతనం కూడా ఆ గర్జనలోంచి హఠాత్తుగా మెత్తబడే గొంతులోనే ఉంది. అలంకారశాస్త్ర పరిభాషలో ఇది అతిశయోక్తి. దుబూ చేసినది ఆ వాచికాన్ని రేఖలోకి మార్చడం. మాటలో ఉన్న అతిశయం ఆయన చేతిలో దేహపు అతిశయమైంది. కథలోని కన్నీటిని ఆయన గీత చూపదు, నిజమే. ఆ పాత్రలు కూడా దానిని చూపరు.

నాట్యశాస్త్రం స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వును ఆరు మెట్లుగా చెప్పి, మొదటి రెండింటిని ఉత్తములకు, నడిమి రెండింటిని మధ్యములకు, చివరి రెండింటిని అధములకు కేటాయించింది. ఈ తరతమ విభాగం పాత్రల సామాజిక స్థాయికి సంబంధించినది. దానిని కళాకృతుల విలువకు అన్వయించి, పెద్ద నవ్వు కాబట్టి తక్కువ కళ అనడం పొరపాటు. దుబూ అతిహసితం రేవులోని సామాన్యుల మాటతీరుకు సాటియైన గీత. దానిని మర్యాదపరచి స్మితంగా మార్చితే ఆ మనుషులే మాయమవుతారు.

4. నవ్వును విడిచిపెట్టడం: ఎతెక్స్

మూడవ సమాధానం పియెర్ ఎతెక్స్‌ది (1928–2016). బొమ్మలు వేసుకునే ఈ యువకుడు జాక్ తాతి వద్ద చేరి, 'మోన్ ఓంక్ల్' (1958) చిత్రానికి హాస్యఘట్టాలను ఊహించి గీసి ఇవ్వడంలోనూ, సహాయ దర్శకత్వంలోనూ పాలుపంచుకున్నాడు. ఆ చిత్రానికి పోస్టర్ వేసినదీ ఆయనే. ఈ అంశం విమర్శకు ముఖ్యమైనది. సాధారణంగా పోస్టర్ చిత్రకారుడు పూర్తయిన చిత్రాన్నో, నిశ్చలచిత్రాలనో చూసి బొమ్మ వేస్తాడు. ఎతెక్స్ ఉలో పాత్ర నడకను, వంపును చిత్రీకరణకు ముందే కాగితం మీద గీస్తూ వచ్చినవాడు. ఆయన పోస్టర్ గీత చలనచిత్రం పుట్టిన గీతకు కొనసాగింపు.

'మోన్ ఓంక్ల్' అంటే 'మా మామయ్య'. ఫ్రెంచి మాట తల్లి సోదరునికీ తండ్రి సోదరునికీ ఒకటే. తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు మనం బంధుత్వాన్ని తేల్చుకోక తప్పదు. ఉలో ఆ పిల్లవాడి తల్లి మదాం ఆర్పెల్‌కు సోదరుడు, కనుక మేనమామ. చందమామను కూడా మామగా పిలుచుకునే భాషలో ఈ తేడా చిన్నది కాదు. తండ్రి క్రమశిక్షణకు, మేనమామ గారాబానికి మధ్య పిల్లవాడు పొందే వెసులుబాటే ఈ చిత్రపు ఇతివృత్తం. ఆర్పెల్ కుటుంబానిది యంత్రాలతో నిండిన అధునాతనమైన ఇల్లు. ఉలో ఉండేది పాత పేటలో. శీర్షికలోని 'మా' అన్న మాట పిల్లవాడిది. పోస్టర్‌లో ఉలోతో పాటు మేనల్లుడు ఉండడం వల్ల ఆ మాటకు యజమాని దొరికాడు. మనం ఉలోను చూసేది ఆ పిల్లవాడి పక్షాన నిలబడి.

చిత్రారంభంలో అక్షరాలను వాడిన తీరు కూడా ఇక్కడ గమనార్హం. సాంకేతిక నిపుణుల పేర్లు నిర్మాణస్థలంలోని బోర్డుల మీద కనిపిస్తాయి. చిత్రం పేరు మాత్రం పాత పేట గోడ మీద సుద్దతో రాసినట్లుంటుంది. బోర్డు ఆధునిక నగరానిది, సుద్దరాత పిల్లవాడిది. చేతిరాతకూ అచ్చుకూ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని గుర్తిస్తే, ఇటువంటి చిత్రానికి చేతితో గీసిన పోస్టర్ ఎందుకు తగినదో బోధపడుతుంది. ఛాయాచిత్రం ఆర్పెల్ ఇంటికి తగును. గీత ఉలోకు తగును.

ఉలో దాదాపుగా మాట్లాడడు. అతనిది పూర్తిగా ఆంగికాహార్యాల హాస్యం. నాట్యశాస్త్రం హాస్య విభావాలలో వికృతవేషాన్ని ముందుగా చెప్పింది. ఉలో వేషంలో వికృతి ఉన్నా అది చాలా స్వల్పం: టోపీ, రెయిన్‌కోటు, చీలమండల దాకా చేరని ప్యాంటు, నోట్లో పైపు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా నవ్వించదు. ఇవన్నీ కొద్దిగా ముందుకు ఒరిగిన ఆ పొడుగాటి దేహానికి చేరినప్పుడు, ఎప్పుడూ ఏదో మర్యాద పాటించబోయి తడబడే మనిషి తయారవుతాడు. ఎతెక్స్ గీత ఈ గుర్తులకు పరిమితమై ముఖకవళికలను పక్కన పెడుతుంది. ఉలో నవ్వడు. నవ్వమని అడగడు. ఆ ఒరుగుదలలో మాత్రం తరువాతి అడుగు తడబడబోతుందన్న సూచన ఉంది. లెస్సింగ్ చెప్పిన గర్భిత క్షణం ఇదే. నవ్వుకు ఒక్క అడుగు ముందున్న క్షణం.

బెర్గ్‌సన్ 1900లో ప్రచురించిన గ్రంథంలో జీవం మీద యాంత్రికత అంటుకున్నప్పుడు నవ్వు పుడుతుందన్నాడు. 'మోన్ ఓంక్ల్' ఈ సూత్రాన్ని తిరగవేసింది. ఇక్కడ యాంత్రికమైనది లోకం. ఆ లోకంలో ఇమడలేని జీవం ఉలో. అందుకే అతని మీద వచ్చే నవ్వులో పరిహాసం కన్న ఆప్యాయత ఎక్కువ. ఎతెక్స్ పోస్టర్ ఈ తేడాను పట్టుకుంది. ఓజోల్ కాగితంలో నవ్వేవారున్నారు, దుబూ కాగితంలో నవ్వించేవారున్నారు. ఎతెక్స్ కాగితంలో ఒక మనిషీ ఒక పిల్లవాడూ ఉన్నారు. నవ్వేవాడు కాగితం బయట, వీధిలో ఉన్నాడు. పరస్థహాస్యానికి ఇది శుద్ధమైన ఉదాహరణ.

దుబూ వాచికాన్ని, ఎతెక్స్ ఆంగికాన్ని అనుసరించారని ఇంతవరకూ చూశాం. 1960ల నాటి భారీ హాస్యచిత్రాల పోస్టర్లలో నటుల ముఖాలే ప్రధానం కావడాన్ని కూడా ఈ సూత్రంతో వివరించవచ్చు. ఫ్రాన్స్‌లో 1 కోటి 70 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడైన 'లా గ్రాండ్ వద్రూయ్' (1966)లో లూయీ ద ఫ్యునెస్ హాస్యం ముఖ్యంగా ముఖజాభినయం. అటువంటి నటునికి ముఖమే పోస్టర్.

5. పైపు, గాలిమర: ఒక గుర్తు చరిత్ర

ఎతెక్స్ గీతలో ఉలో ఎంత పొదుపైన గుర్తుగా మారాడంటే, ఆ గుర్తు మనిషి నుంచి విడిపోగలిగింది. తాతి తన 'ప్లేటైమ్' (1967)లో దూరం నుంచి ఉలోలా కనిపించే వేరే మనుషులను ప్రవేశపెట్టి ఈ విషయాన్నే హాస్యవస్తువుగా చేశాడు. టోపీ, కోటు ఉంటే చాలు, ఎవరైనా ఉలో అయిపోతారు. అయితే ఆ గుర్తులోంచి ఏదైనా తీసివేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు 2009లో జరిగిన ఒక ఉదంతం జవాబు చెప్పింది.

ఆ సంవత్సరం పారిస్‌లోని సినిమాతెక్ ఫ్రాన్సేజ్ తాతి మీద ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. దాని పోస్టర్‌కు 'మోన్ ఓంక్ల్'లో ఉలో మేనల్లుణ్ణి వెనుక కూర్చోబెట్టుకొని మోపెడ్ మీద వెళ్లే నిశ్చలచిత్రాన్ని తీసుకున్నారు. పొగాకు ప్రకటనలను నిషేధించే 1991 నాటి చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని, పారిస్ మెట్రో, బస్సుల ప్రకటనలను నిర్వహించే సంస్థ ఉలో నోటి వద్ద పైపును యథాతథంగా అనుమతించలేదు. ఫలితంగా ఆ పోస్టర్‌లో పైపు స్థానంలో పిల్లలు ఆడుకునే పసుపు రంగు గాలిమర చేరింది. ఫ్రాన్స్‌లో దీని మీద విస్తృతమైన చర్చ జరిగింది. ఆ చర్చ ప్రధానంగా చట్టం హద్దుల గురించి సాగింది. ఇక్కడ రసదృష్టితో చెప్పవలసిన మాట వేరొకటుంది.

పైపు హాస్యవస్తువు కాదు. అది ఉలో మౌనానికి కారణంగా కనిపించే వస్తువు. నోట్లో పైపున్న మనిషి మాట్లాడకపోవడం సహజంగా తోస్తుంది. దాని గంభీరత వల్లనే పక్కనున్న పొట్టి ప్యాంటు నవ్వు తెప్పిస్తుంది. గాలిమర అలా కాదు. అది స్వయంగా ఆటవస్తువు. ఇది సరదా చిత్రమని అది చూపరికి ముందే చెప్పేస్తుంది. పైపు ఉన్నప్పుడు ఉలో తన తడబాటు తానెరుగని మనిషి. గాలిమర పెట్టగానే అతడు నవ్వించడానికి సిద్ధపడిన విదూషకుడయ్యాడు. మార్చినది ఒక్క చిన్న వస్తువునే అయినా, పరస్థహాస్యం కాస్తా ప్రకటిత హాస్యంగా మారిపోయింది. కావ్యంలో ఒక పదాన్ని మార్చితే ధ్వని ఎలా చెడుతుందో బొమ్మలో ఒక గుర్తును మార్చినా అలాగే చెడుతుందనడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు. పోస్టర్‌ను పాఠంగా చదవాలన్న వాదానికి ఈ ఉదంతమే బలమైన ఆధారం.

6. గీతకారుడు, కథకుడు

ఎతెక్స్ కృషిని తెలుగు విద్యార్థి చదివినప్పుడు బాపు (1933–2014) స్ఫురణకు రావడం సహజం. ఇది ప్రభావానికి సంబంధించిన విషయం కాదు, సమానమైన పరిస్థితులకు సంబంధించినది. జాన్-క్లోద్ కర్యేర్ (1931–2021) 'మోన్ ఓంక్ల్'ను నవలగా రాసినప్పుడు దానికి బొమ్మలు వేసినది ఎతెక్స్. తరువాత ఎతెక్స్ దర్శకుడై తీసిన 'యోయో' (1965) వంటి చిత్రాలకు కర్యేర్ సహరచయిత. పీటర్ బ్రూక్ ప్రదర్శించిన 'మహాభారత' నాటకానికి రచన చేసినదీ ఈ కర్యేరే. ముళ్లపూడి వెంకటరమణ (1931–2011) 'బుడుగు'కు బొమ్మలు వేసిన బాపు 'సాక్షి' (1967)తో దర్శకుడై రమణతో కలిసి సాగిన ప్రయాణం మనకు తెలిసినదే.

రెండు జంటలలోనూ గీత కథకు అలంకారంగా కాక కథనానికి మూలంగా పనిచేసింది. బాపు గురించి రాసేటప్పుడు ఆయన బొమ్మలను ఒక అధ్యాయంలో, సినిమాలను వేరొక అధ్యాయంలో పెట్టడం మన పరిశోధనల్లో పరిపాటి. పోస్టర్‌కు రెండింటిలోనూ చోటుండదు. ఎతెక్స్ ఉదాహరణ ఈ విభజనను పునరాలోచించమంటుంది. పుస్తకంలోని బొమ్మ, చిత్రీకరణకు ముందు గీసుకున్న రేఖ, గోడ మీది పోస్టర్ ఒకే చేతి రచనలు. వాటిని కలిపి చదివితేనే ఆ చేతికి ఒక శైలి ఉందని తెలుస్తుంది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది: ఫ్రెంచి హాస్యచిత్రపు పోస్టర్ నవ్వేవారిని, నవ్వించేవారిని, నవ్వుకు ముందున్న క్షణాన్ని చిత్రించే మూడు మార్గాలను అనుసరించింది. రెండవది: ఈ మార్గాల మధ్య తరతమభేదం కన్న ఔచిత్యభేదమే ప్రధానం. మాట ప్రాణమైన పాన్యోల్ చిత్రాలకు దుబూ అతిశయోక్తి ఎంత ఉచితమో, మౌనం ప్రాణమైన తాతి చిత్రానికి ఎతెక్స్ పొదుపు అంత ఉచితం. మూడవది: ఔచిత్యం సమానమైనా కాలాన్ని తట్టుకోవడంలో తేడా ఉంది. ఓజోల్ ప్రేక్షకులు ఎందుకు నవ్వుతున్నారో తెలియాలంటే నేటి చూపరికి ఆ చిత్రం తెలిసి ఉండాలి. దుబూ మనుషుల సందడి పూర్తిగా అందాలంటే ఆ రేవు మాటతీరు తెలియాలి. ఎతెక్స్ గీసిన ఒరిగిన మనిషికి అటువంటి పరిచయం అంతగా అక్కరలేదు.

చేతితో వేసిన పోస్టర్లు ఎండకూ వానకూ వెలిసిపోవడానికే పుట్టాయి. వాటి మీద కొత్త పోస్టర్ అంటించేవారు. ఆ పొరల కింద పోయినవాటిలో చిత్రకారుల పేర్లు కూడా ఉన్నాయి. మన గోడల మీదా అదే జరిగింది. చేతిగీత పోయి ఫ్లెక్సీ వచ్చాక, చిత్రకారుల తరం కనుమరుగవుతున్న ఈ కాలంలో తెలుగు హాస్యచిత్రాల పోస్టర్లను సేకరించి, అవి ఏ అభినయాన్ని ఏ గీతతో అనుసరించాయో పరిశీలించవలసి ఉంది. ఆ పని చేయడానికి కావలసిన పరిభాష మన రసశాస్త్రంలో సిద్ధంగా ఉంది. పోస్టర్లే ఎక్కువ కాలం ఉండవు.